అడవిపందుల నియంత్రణ (ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతం)

అడవిపందుల నియంత్రణ అనగా అడవి అంచు పొలాలపై పడి పంటలను పాడుచేసే అడవిపందుల సంఖ్యను, రాకపోకలను అదుపులో ఉంచుటకు చేపట్టే చర్యలు. తెలంగాణలోని ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో గోదావరి, కిన్నెరసాని నదుల పరీవాహక అడవుల పొడవునా ఇది వ్యవసాయానికి సంబంధించిన ముఖ్యమైన సమస్య. భారతదేశంలో అడవిపంది చట్టరక్షణ కలిగిన వన్యప్రాణి. కనుక దానిని తుపాకితో కాల్చుటకు అధికారి ముందస్తు వ్రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అనుమతి పొందిన కాల్చివేత, అనుమతి లేని ఉచ్చులు, కరెంటు తీగలు, ప్రాణహాని లేని నివారణ పద్ధతులు - ఈ మూడూ ఈ ప్రాంతంలో పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిలో మనుషుల ప్రాణాలకు ఎక్కువ ముప్పు తెచ్చేది కరెంటు తీగ.

భౌగోళిక నేపథ్యం

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుండి విడదీసి ఏర్పరచబడినది. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ తరువాత ఖమ్మం జిల్లాలో చేర్చబడినవి. 2014లో రాష్ట్ర విభజన సమయాన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని గ్రామాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది.

ఈ ప్రాంతంలోని కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం 1977లో ప్రకటించబడినది. దీని విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి దిగువన 2008లో జాతీయ వనంగా ప్రకటించబడిన పాపికొండలు ఉన్నవి. ఉత్తరాన, తూర్పున అడవి ఛత్తీస్‌గఢ్‌లోకి సాగిపోతుంది. గుండాల, ఆళ్ళపల్లి, మణుగూరు, అశ్వాపురం, ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట, దుమ్ముగూడెం, చర్ల మండలాలలో పొలాలు అనేక చోట్ల నేరుగా అడవిని ఆనుకొని ఉంటాయి. ఖమ్మం జిల్లాలో కనకగిరి కొండల చుట్టుపక్కల గ్రామాలది కూడా ఇదే పరిస్థితి.

అడవి ఒకటే అయినను అది మూడు రాష్ట్రాల పరిధిలో ఉన్నది. ఒక రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఇచ్చిన అనుమతి పక్క రాష్ట్రంలో చెల్లదు. సరిహద్దు గ్రామాలలో కాల్చివేతకు ఇది మొదటి అడ్డంకి.

అడవిపంది

భారతీయ అడవిపంది (శాస్త్రీయ నామం: సుస్ స్క్రోఫా) పెంపుడు పందికి మూలజాతి. మెడ నుండి వీపు వరకు నిలిచి ఉండే నల్లని గరుకు వెంట్రుకలు, మగపందికి బయటికి పొడుచుకు వచ్చే కోరలు దీని గుర్తులు. బాగా ఎదిగిన మగపంది 100 కిలోగ్రాములకు పైగా తూగవచ్చును. ఆడపందులు, పిల్లలు గుంపులుగా తిరుగుతాయి. ఎదిగిన మగపంది సాధారణంగా ఒంటరిగా సంచరిస్తుంది. ఘ్రాణశక్తి చాలా ఎక్కువ, చూపు తక్కువ. మనుషుల అలికిడి ఉన్నచోట ఇది పగలు పొదలలో పడుకొని రాత్రివేళ మేతకు బయలుదేరుతుంది.

గర్భధారణ కాలం నాలుగు నెలలకు కొద్దిగా తక్కువ. ఒక ఈతలో సాధారణంగా నాలుగు నుండి ఆరు పిల్లలు పుడతాయి. మేత సమృద్ధిగా ఉంటే ఆడపిల్ల ఏడాది తిరిగే లోపే ఈనుటకు సిద్ధం కాగలదు. ఈ పరిమాణం గల జంతువులలో ఇంత త్వరగా పెరిగేవి అరుదు. పులి, చిరుత, రేసుకుక్క దీనికి సహజ శత్రువులు. వీటి సంఖ్య తగ్గిన అడవులలో పందుల సంఖ్యకు సహజమైన అదుపు లేకుండా పోతుంది. కిన్నెరసాని అడవులకు ఛత్తీస్‌గఢ్ వైపు నుండి పులులు అప్పుడప్పుడు వచ్చి పోవడం నమోదైనది గానీ పందుల సంఖ్యను తగ్గించుటకు అది చాలదు.

అడవిలో ఈ జంతువు చేసే మేలు కూడా కలదు. ముట్టెతో నేలను తవ్వి గడ్డలు, వేరుపురుగులు తినేటప్పుడు మట్టి గుల్లబారుతుంది. పులికి ఇది ముఖ్యమైన ఆహారం. అందువలననే చట్టం దీనిని పూర్తిగా వదిలివేయలేదు.

పంటనష్టం

మొక్కజొన్న, వేరుశనగ, వరి, జొన్న, దుంపకూరలు ఎక్కువగా నష్టపోయే పంటలు. విత్తిన రాత్రే గుంపు చాళ్ళ వెంట నడిచి గింజలను ఏరుకొని తినడం, పాలుపట్టే దశలో మొక్కజొన్న మొక్కలను విరిచి కంకులు తినడం, కోతకు వచ్చిన వరిలో పొర్లడం సాధారణం. తిన్నదానికంటే తొక్కి పాడుచేసినది ఎక్కువగా ఉంటుంది. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాలలో ఆయిల్ పామ్ తోటల లేత మొక్కలకు కూడా వీటి బెడద కలదు.

నష్టం అన్ని పొలాలపై సమానంగా పడదు. అడవికి ఆనుకొని ఉన్న మొదటి రెండు మూడు పొలాలే దెబ్బ తింటాయి, లోపలి పొలాలు చాలావరకు తప్పించుకుంటాయి. ఆ మొదటి వరుస పొలాలు తరచుగా చిన్న కమతాలు, పోడు భూములు. వాటిని సాగుచేసేవారు ఎక్కువగా కోయలు మొదలైన గిరిజనులు. పంటకాలంలో నెలల తరబడి రాత్రిళ్ళు మంచెపై కావలి ఉండటం వీరికి తప్పని పని. దీనికి కూలి లెక్క ఎక్కడా ఉండదు.

వేట - పూర్వచరిత్ర

గోదావరికి కుడివైపు నైజాం పాలనలోను, భద్రాచలం వైపు మద్రాసు ప్రభుత్వ పాలనలోను ఉన్న కాలంలో వేటకు వేర్వేరు నియమాలు ఉండెడివి. గిరిజనులకు విల్లంబులు, ఉచ్చులు, వలలతో వేట ఆహారంలోను ఆచారంలోను భాగం. కోయల భూమి పండుగలో విత్తనాలు చల్లుటకు ముందు పురుషులు గుంపుగా వేటకు వెళ్ళే సంప్రదాయం కలదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ పరిస్థితి మారినది. 1991 సవరణతో వినోదం కొరకు వేటాడుటకు ఇచ్చే లైసెన్సులు కూడా రద్దయినవి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు సాగుభూమిపై, అటవీ ఫలసాయంపై హక్కులను గుర్తించినది. అయితే వేటాడే, ఉచ్చువేసే సంప్రదాయ హక్కును అదే చట్టం స్పష్టంగా మినహాయించినది. అనగా పోడు రైతుకు పొలంపై హక్కు లభించినను, ఆ పొలంలోకి వచ్చిన పందిని చంపే హక్కు లభించలేదు.

చట్టపరమైన స్థితి

అడవిపంది 2022 సవరణకు ముందు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 3వ షెడ్యూలులో ఉండేది. ప్రస్తుతం 2వ షెడ్యూలులో ఉన్నది. సంబంధిత నిబంధనలు ఇవి.

9వ సెక్షన్: షెడ్యూళ్ళలోని జంతువులను వేటాడటం నిషేధం. చట్టం ప్రకారం వేట అనగా కాల్చడం మాత్రమే కాదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటయే.

11వ సెక్షన్ (1)(బి): ఒక జంతువు మనిషి ప్రాణానికి గానీ, పొలంలో నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారినదని ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా అధీకృత అధికారి నమ్మినచో, కారణాలను చూపుతూ వ్రాతపూర్వక ఉత్తర్వు ద్వారా, నిర్ణీత ప్రాంతంలో ఆ జంతువును లేదా ఆ గుంపును వేటాడుటకు అనుమతించవచ్చును.

11వ సెక్షన్ (2): తనను గానీ ఇతరులను గానీ కాపాడుకొనుటకు సద్బుద్ధితో చంపడం నేరం కాదు. ఇది ప్రాణరక్షణకు మాత్రమే వర్తిస్తుంది, పంట రక్షణకు వర్తించదు.

39వ సెక్షన్: చంపబడిన జంతువు ప్రభుత్వ ఆస్తి. కనుక అనుమతితో కాల్చిన పంది మాంసాన్ని పంచుకోవడం, అమ్మడం చెల్లదు.

62వ సెక్షన్: కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చును. ఆ ప్రకటన ఉన్నంతకాలం అక్కడ దానికి వేట నిషేధం వర్తించదు. ఈ అధికారం రాష్ట్రాలకు లేదు.

ఆయుధాల విషయంలో 1959 నాటి ఆయుధ చట్టం వర్తిస్తుంది. ఈ చట్టపు 13వ సెక్షన్‌లో నిజమైన పంట రక్షణ కొరకు మందుగుండు గొట్టంలో దట్టించి కాల్చే తుపాకికి లైసెన్సు ఇచ్చే ప్రస్తావన కలదు. అయితే తుపాకి లైసెన్సు వేట అనుమతి కాదు. రైతు వద్ద లైసెన్సు తుపాకి ఉన్నను, 11వ సెక్షన్ ఉత్తర్వు లేకుండా పందిని కాల్చడం నేరమే. దీర్ఘకాలం మావోయిస్టు కార్యకలాపాలు సాగిన గోదావరి తీర మండలాలలో లైసెన్సు లేని నాటు తుపాకి కలిగి ఉండటం మరింత తీవ్రమైన విషయంగా పరిగణించబడినది.

కాల్చివేత విధానం

తెలంగాణలో పంటలను పాడుచేసే అడవిపందులను అటవీశాఖ గుర్తింపు పొందిన షూటర్ల చేత కాల్పించే ఏర్పాటు ఉన్నది. నష్టపోయిన రైతులు లేదా గ్రామపంచాయతీ ఫిర్యాదు చేయగా, అటవీ సిబ్బంది పొలాన్ని పరిశీలించి నష్టం పందుల వలననే జరిగినదా అని నిర్ధారిస్తారు. అడుగుజాడలు, తవ్విన గుంటలు, విరిగిన మొక్కల తీరును బట్టి ఇది తెలుస్తుంది. ముళ్ళపంది, కోతి, మనుబోతు చేసిన నష్టం వేరుగా ఉంటుంది. అనుమతి వచ్చిన తరువాత షూటర్ ఆ ప్రాంతానికి, ఆ గడువుకు మాత్రమే లోబడి పనిచేయవలెను. అభయారణ్యం లోపల ఈ అనుమతి వర్తించదు. పంది పొలం దాటి అభయారణ్యంలోకి వెళ్ళిన తరువాత వెంటాడకూడదు.

ఈ పని సాధారణంగా రాత్రివేళ, మంచె నుండి సాగుతుంది. మంచె ఎత్తు నుండి కాల్చినపుడు గుండు నేలలో దిగుతుంది. నేలపై నిలబడి సమాంతరంగా కాల్చినచో గురి తప్పిన గుండు దూరంగా ప్రయాణించగలదు. పొలాలలో ఇతర రైతులు కూడా కావలి ఉంటారు కనుక ఇది ప్రధానమైన జాగ్రత్త. ఆ రాత్రి ఎవరూ పొలాలకు వెళ్ళకుండా ముందుగా ఊరిలో దండోరా వేయించడం అవసరం. గాయపడిన పంది మనిషిపై తిరగబడే స్వభావం కలది. దాని కోర తొడ నరాన్ని తెంచగలదు. కనుక చీకటిలో నెత్తుటి జాడ వెంట పోవడం ప్రమాదకరం.

ఫలితాలు, పరిమితులు

కాల్చివేత వలన ఆ సమయానికి ఆ పొలానికి ఊరట లభిస్తుంది. గుంపు కొన్నాళ్ళు అటువైపు రాదు. కానీ పందుల మొత్తం సంఖ్యపై దాని ప్రభావం స్వల్పం. ఉదాహరణకు ఐదు ఆడపందులు ఉన్న గుంపులో ఒక్కొక్కదానికి ఐదు పిల్లల చొప్పున ఏడాదికి 25 పిల్లలు చేరవచ్చును. వాటిలో సగం చనిపోయినను, సంవత్సరంలో డజను పందులను కాల్చితే గానీ గుంపు పెరుగుదల ఆగదు. ఒక గ్రామానికి ఒకటి రెండు రాత్రులు వచ్చి వెళ్ళే షూటర్‌కు ఇది సాధ్యం కాదు. మొదటి కాల్పు వినగానే మిగిలినవి చెదరిపోతాయి. తరువాత అవి పక్క గ్రామపు పొలాలలో కనిపించవచ్చును.

ఐరోపాలో లైసెన్సు వేట విస్తారంగా ఉన్నను గత కొన్ని దశాబ్దాలలో అడవిపందుల సంఖ్య పెరుగుతూనే వచ్చినది. వేట ఒత్తిడి ఎక్కువైన చోట ఆడపందులు మరింత చిన్న వయసులోనే ఈనడం అక్కడి అధ్యయనాలలో గమనించబడినది. పెద్ద కోరల మగపందిని కాల్చడం వేటగానికి గొప్పగా కనిపించినను, సంతతి తగ్గుటకు అది ఉపయోగపడదు. పిల్లలతో ఉన్న తల్లిని కాల్చితే పిల్లలు ఆకలితో చనిపోతాయి. కనుక సంఖ్యను తగ్గించే పద్ధతికి, జాలికి ఇక్కడ పొత్తు కుదరదు.

అనుమతి ప్రక్రియకు పట్టే కాలం మరొక పరిమితి. మొక్కజొన్న పాలుపట్టే దశ కొద్ది వారాలు మాత్రమే ఉంటుంది. ఫిర్యాదు, పరిశీలన, ఉత్తర్వు, షూటర్ రాక పూర్తయ్యేసరికి ఆ దశ దాటిపోతే అనుమతి కాగితంగానే మిగులుతుంది.

కరెంటు తీగలు, ఉచ్చులు

చట్టబద్ధమైన మార్గం ఆలస్యమైన చోట చట్టవిరుద్ధమైన మార్గాలు వాడుకలో ఉన్నవి. పొలం చుట్టూ లేదా జంతువుల బాటపై మోకాలి ఎత్తున సన్నని ఇనుప తీగ లాగి, దానిని నేరుగా విద్యుత్ లైనుకు తగిలించడం వీటిలో అత్యంత ప్రమాదకరమైనది. కొందరు పంట రక్షణకు, కొందరు మాంసం కొరకు దీనిని వాడుతారు. తీగకు ఏది తగిలినను తేడా లేదు. ఎలుగుబంటి, చిరుత, మేతకు వెళ్ళిన పశువులు, తెల్లవారుజామున పొలానికి బయలుదేరిన మనిషి - అందరికీ ప్రమాదం ఒకటే. పొరుగు పొలం రైతు, ఒక్కొక్కసారి తీగ వేసిన మనిషే, దానికి బలైన సంఘటనలు తెలుగు రాష్ట్రాలలో ఏటా వార్తలలో వస్తూ ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో గోదావరి ఎగువన జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండలపు అడవిలో గాలింపుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు వేటగాళ్ళు అమర్చిన కరెంటు తీగ తగిలి మరణించాడు.

ఇది మూడు విధాల నేరం. వన్యప్రాణి చట్టం క్రింద వేట, 2003 విద్యుత్ చట్టం క్రింద విద్యుత్ చౌర్యం, మనిషి మరణించినచో నేరశిక్షా చట్టం క్రింద మరణానికి కారకుడగుట. బైక్ క్లచ్ తీగలతో చేసే ఉచ్చులు, ఎరలో పెట్టే నాటుబాంబులు కూడా నిషిద్ధం. నాటుబాంబును కొరికిన పంది దవడ పగిలి రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. మేకలు, ఆవులు కొరికిన సందర్భాలు కూడా కలవు.

సౌర కంచె దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులో బ్యాటరీతో పనిచేసే పరికరం క్షణకాలపు అల్ప విద్యుత్ ప్రవాహాన్ని విడతలు విడతలుగా పంపుతుంది. తగిలిన జంతువు బెదిరి వెనుదిరుగుతుంది గానీ చనిపోదు. ఇంటి కరెంటును కంచెకు తగిలించి దానిని సౌర కంచెగా చెప్పుకోవడం పొరపాటు.

ఇతర నివారణ పద్ధతులు

హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో వెన్నెముక గల జంతువుల వలన పంటలకు కలిగే నష్టంపై పరిశోధనలు జరిగినవి. పందికి చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి ఎక్కువ అనే అంశంపై ఈ పద్ధతులు చాలావరకు ఆధారపడినవి.

సరిహద్దు పంటలు: వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం కొన్ని వరుసలు దగ్గరగా వేయడం. కుసుమ ముళ్ళు పందిని ఆపుతాయి. ఆముదం వాసన లోపలి పంట వాసనను కప్పివేస్తుంది. ఈ వరుసల నుండి రైతుకు కొంత ఆదాయం కూడా వస్తుంది.

వాసన కంచె: గంధకం, ఊరపంది కొవ్వు నూనె కలిపిన మిశ్రమంలో ముంచిన కొబ్బరి తాడును పొలం చుట్టూ మూడు వరుసలుగా కట్టడం. వాన పడిన తరువాత మరల పూయవలసి ఉంటుంది.

తలవెంట్రుకలు: క్షౌరశాలల నుండి తెచ్చిన వెంట్రుకలను గట్ల వెంట చల్లడం. వాసన చూస్తూ నడిచే పందికి అవి ముక్కులో చేరి ఇబ్బంది కలిగిస్తాయి.

కందకం: పొలం చుట్టూ సుమారు రెండు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతున తవ్వడం. ఇది వాన నీటిని కూడా నిలుపుతుంది.

డప్పులు, టపాసులు, పాత చీరల కంచె వంటివి కొద్దిరోజులు పనిచేస్తాయి. పంది త్వరగా అలవాటు పడే జంతువు కనుక పద్ధతులను మార్చుతూ ఉండవలెను. ఒక్క రైతు కంచె వేసుకుంటే గుంపు పక్క పొలానికి మళ్ళుతుంది. అడవి అంచున ఉన్న రైతులందరూ కలిసి ఒకే వరుసలో కంచె వేసుకున్నపుడు ఫలితం మెరుగ్గా ఉంటుంది.

పరిహారం, బీమా

వన్యప్రాణుల వలన జరిగిన నష్టానికి అటవీశాఖ ద్వారా పరిహారం కోరవచ్చును. పట్టా లేని పోడు రైతుకు, కౌలు రైతుకు భూమి పత్రం చూపడం కష్టమైన విషయం. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ 30న మొదలుపెట్టిన పోడు పట్టాల పంపిణీలో రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమికి పట్టాలు నిర్ణయించబడినవి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఇందులో ప్రధాన లబ్ధిదారులలో ఒకటి. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో అడవి జంతువుల వలన కలిగే పంటనష్టాన్ని స్థానిక విపత్తుగా చేర్చి, 2026 ఖరీఫ్ నుండి అమలు చేయనున్నట్లు ప్రకటించినది. నష్టం జరిగిన 72 గంటలలోపు తెలియజేయడం ఇందులోని షరతు.

ఇతర ప్రాంతాలతో పోలిక

కేంద్ర ప్రభుత్వం 62వ సెక్షన్ క్రింద 2015 డిసెంబరులో బీహారులో మనుబోతు, అడవిపందులను, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందిని, హిమాచల్ ప్రదేశ్‌లో కోతిని నిర్ణీత ప్రాంతాలలో హానికర జంతువులుగా ప్రకటించినది. 2016 జూన్‌లో బీహారులోని మొకామా వద్ద రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చి చంపినవారు హైదరాబాదు నుండి వెళ్ళిన షూటర్లు. ఈ విషయమై నాటి కేంద్రమంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్‌ల మధ్య బహిరంగ వివాదం చెలరేగినది. కేరళ రాష్ట్రం అడవిపందిని ఇదే విధంగా ప్రకటించమని పలుమార్లు కోరగా కేంద్రం అంగీకరించలేదు. ఆ తరువాత 2022లో కేరళ ప్రభుత్వం స్థానిక సంస్థల అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, పందులను కాల్చుటకు అనుమతించే అధికారాన్ని గ్రామస్థాయికి దించినది.

విదేశాలలో ఇటువంటి చర్చ కుందేళ్ళ విషయంలో కనిపిస్తుంది. బ్రిటన్‌లో గోల్ఫ్ మైదానాల పచ్చికను తవ్వి గుల్లచేసే కుందేళ్ళను రాత్రివేళ తుపాకితో కాల్చడం మామూలు. 1954 నాటి చట్టం అక్కడ భూమి అనుభవించేవారిపై కుందేళ్ళను అదుపుచేసే బాధ్యతను ఉంచినది. ఆస్ట్రేలియాలో 1859లో వేట వినోదం కొరకు వదిలిన కొద్దిపాటి కుందేళ్ళు ఖండమంతటా వ్యాపించినవి. తుపాకులు, పొడవైన కంచెలు వాటిని ఆపలేకపోగా 1950లో మిక్సోమటోసిస్ అనే వ్యాధిని ప్రవేశపెట్టవలసి వచ్చినది. అక్కడి కుందేలు బయటినుండి వచ్చిన జాతి, ఇక్కడి అడవిపంది ఈ అడవికే చెందినది. అక్కడ పూర్తి నిర్మూలన లక్ష్యం కావచ్చును గానీ ఇక్కడ కాజాలదు. భద్రాచలం అడవులలోని కుందేలు (చెవులపిల్లి) కూడా బొరియలు తవ్వే ఆ జాతి కాదు. దానికి చట్టరక్షణ కలదు, దానిని వేటాడటం నేరం.

త్వరగా సంతతి పెంచుకునే జంతువును తుపాకి ఒక్కటే అదుపు చేయలేదని రెండు అనుభవాలూ చూపుతున్నవి. ఖమ్మం - భద్రాచలం అటవీ అంచున కాల్చివేతకు చట్టంలో స్థానం ఉన్నది. ఉమ్మడి కంచె, సరిహద్దు పంట, సకాలంలో అందే పరిహారం తోడైనపుడే దానికి ఫలితం కనిపిస్తుంది, రైతు కరెంటు తీగ వైపు పోవలసిన అవసరం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం
పాపికొండలు
పోడు వ్యవసాయం
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
అటవీ హక్కుల చట్టం, 2006